ఆగే జాగ

తాత నా సంచిని ఒంటిచేత్తో లేపి చూసి మళ్లీ కింద పెట్టాడు. "ఇండ్ల ఎవలన్న కూసున్నరా బిడ్డా?" అన్నాడు.

పొద్దున ఆరు గంటలు. కాటారం చౌరస్తాలో చాయ్ హోటల్ ముందు తొమ్మిది మందిమి. అందరూ నవ్వారు. హైదరాబాద్‌లో కొన్న సంచి అది. నడుముకు ఒక పట్టీ, రొమ్ముకు ఒక పట్టీ, వాన పడితే పైన తొడగడానికి ముసుగు. ఇంట్లో తూకం వేస్తే 14 కిలోలు తూగింది. రోజుల తరబడి మోసే బరువు ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని కొండలెక్కేవాళ్లు చెబుతారు. నా ఒళ్లు 70 కిలోలు కనుక లెక్క సరిపోయిందని తాతకు వివరించబోయాను. ఆయన అప్పటికే జిప్పు లాగి ఒక్కొక్కటే తీసి బెంచీ మీద పెడుతున్నాడు. గాలి నింపుకునే దిండు. రెండో జత బూట్లు. అరచేతిలో ఇమిడే గ్యాసు పొయ్యి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అడవిలకు పొయ్యి కొంటవోతున్నవా" అని దిండు పక్కన పెట్టాడు. సంచి సగానికి సగం తగ్గాక గానీ ఆయన చెయ్యి ఆగలేదు. మిగిలినవన్నీ హోటల్‌వాడికి అప్పజెప్పి కదిలాం.

తాత వెంట తెచ్చుకున్నవి లెక్కపెట్టాను. భుజాన గొంగడి, అందులో చుట్టిన సత్తు గిన్నె, చిన్న గొడ్డలి, సొరబుర్ర, తువ్వాల కొసకు కట్టిన అటుకులు. ఆ మూడు రోజుల్లో గొంగడి పరుపయింది, దుప్పటయింది, మధ్యాహ్నం పిల్లలకు నీడయింది, ఏరిన పుల్లలు మోసుకొచ్చే గుడ్డ కూడా అయింది.

అది 2024 ఫిబ్రవరి 18, ఆదివారం. బుధవారం నుంచి మేడారం జాతర. చింతకాని, యామన్‌పల్లి, పెగడపల్లి, కాల్వపల్లి, సింగారం, బోర్లగూడెం మీదుగా ఇప్పుడు తారురోడ్డు ఉంది. మంథని నుంచీ గోదావరి అవతల మహారాష్ట్ర నుంచీ వచ్చే బండ్లు జాతరకు ఈ దారినే పోతాయి. కారెక్కితే పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి మొక్కు తీర్చుకోవచ్చు. మేం మాత్రం వీలైనంత వరకు పాత బండ్ల బాటనే నడుద్దామనుకున్నాం. నా పదో ఏట నాయినమ్మతో ఎడ్లబండిలో పోయిన బాట అది. బండి వెనక బండి, మెడపట్టెల గంటల చప్పుడు, గడ్డిమోపు మీద మేం. అప్పుడు మాది కరీంనగర్ జిల్లా, మేడారం వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ 11న రెండూ ఒకే భూపాలపల్లి జిల్లాలో పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా పుట్టడంతో మేడారం మళ్లీ పక్క జిల్లా అయింది. సమ్మక్క కథలో మేడరాజు ప్రతాపరుద్రుడి సేనకు ఓడి, పొలవాస విడిచి మేడారం చేరాడంటారు. జగిత్యాల పక్కనున్న పొలవాస నుంచి ఆయన ఏ దారిన వచ్చాడో కథ చెప్పదు. మా దారినే వచ్చి ఉంటాడని నా పట్టుదల. ఏ మ్యాపు ముందు పెట్టినా వాదిస్తాను.

తాత కోయ పెద్దమనిషి. మహాముత్తారం వైపు గూడెం. పేరూ ఊరూ పేపర్ల రాయొద్దన్నాడు, రాయడం లేదు. మాలో మా వదిన, చిన్నమ్మ, ఇద్దరు పిల్లలు, మోకాలి నొప్పుల మేనమామ ఒకరు. దారి ఎరుకున్న మనిషి ముందు నడుస్తాడని నేననుకున్నాను. తాత ముందు పెట్టింది మా అన్న కొడుకును. వాడికి పన్నెండేళ్లు. వాడికి చెప్పింది రెండే మాటలు: బండ్ల గాట్లు విడువొద్దు, బాట రెండుగా చీలిన కాడ కూసోవాలె. తాను మేనమామ వెనక, అందరికన్నా చివర నడిచాడు.

కొన్నేళ్ల కింద హిమాలయాల్లో అయిదు రోజుల ట్రెక్కుకు పోయాను. తీసుకుపోయిన కంపెనీ పేరెందుకు గానీ, ముందు నడిచే కుర్రాడి చేతిలో ఒక కాగితం ఉండేది. ఏ గంటకు ఏ చోటు అని అందులో రాసుంటే ఆ గంటకు అక్కడ ఉండాల్సిందే. వెనకబడినవాళ్లు ఆయాసపడుతూ వచ్చి చేరేసరికి, ముందే చేరినవాళ్లు చాయ్ తాగి లేస్తుండేవారు. వెంటనే అందరం కలిసి కదలాలి. అంటే ఎక్కువ అలిసినవాడికే తక్కువ విశ్రాంతి. అయిదు రోజులూ వెనకబడినవాడిని నేనే కనుక ఈ లెక్క నాకు బాగా అర్థమయింది. తాత లెక్క వేరు. మేనమామ వచ్చి, కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు చాపాకే విరామం మొదలయినట్టు. అప్పటిదాకా మేం ఎంతసేపు కూర్చున్నా అది ఆయన ఖాతాలో లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం రెండున్నరకే ఒక వాగు దగ్గర "ఈడ్నే" అన్నాడు. పొద్దు ఇంకా నడినెత్తి దాటి ఎంతో దూరం పోలేదు. కాళ్లలో సత్తువ ఉంది. ఇంకో రెండు గంటలు నడవొచ్చు కదా అని నేను, నడుద్దామని పిల్లలు. తాత బదులు చెప్పకుండా గొంగడి పరిచాడు. రెండోసారి అడిగితే, "నడువొచ్చు. మరి రాత్రికి నీళ్లేడియి?" అన్నాడు.

నిజానికి అక్కడ కూడా నీళ్లు కనిపించలేదు. మాఘంలో ఆ వాగుల్లో చాలావాటికి ఇసుకే మిగులుతుంది. తాత ఇసుకలో వంద అడుగులు పైకి, వంద అడుగులు కిందికి నడిచాడు. వాగు వంపు తిరిగి, ఒడ్డు కోసుకుపోయిన చోట, పచ్చి తుంగ నాలుగు పరకలున్న దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులతో ఇసుక తోడటం మొదలుపెట్టాడు. పైన బూడిద రంగు పొడి ఇసుక. జానెడు లోతుకు పోయేసరికి రంగు మారింది, చేతికి చల్లగా తగిలింది. మోచేతి లోతుకు గోడలు జారడం మొదలయింది. అప్పుడు గుంతను లోతు చేయడం మానేసి వెడల్పు చేశాడు, జారే ఇసుకను వెనక్కి నెట్టి అరచేతులతో అదిమాడు. అడుగున నీళ్లు ఊరాయి, చాయ్ రంగులో. కొబ్బరి చిప్పతో ముంచి దూరంగా పారబోశాడు. మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోశాడు. మూడోసారి గుంత పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిల్లవాడు చిప్ప ముంచబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. పావుగంట. నాలుగోసారి ఊరిన నీళ్లలో అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేటంత తేటదనం. అంచు కదలకుండా చిప్పను పక్కవాటంగా ఆనించి తీశాడు.

చెలిమె నీళ్లకు ఒక తీపి ఉంటుంది. మా నాయినమ్మ తరం జాతరకు పోయి జంపన్నవాగులో ఇట్లాగే చెలిమెలు తోడుకుని వండుకునేది. ఇప్పుడు జాతరకు లక్నవరం చెరువు నీళ్లు వాగులోకి వదులుతారు, స్నానాలకు ఒడ్డు పొడవునా నల్లాలు బిగిస్తారు. అంత జనానికి అదే పద్ధతి, తప్పుపట్టను. చెలిమె తోడటం వచ్చిన చేతులు మాత్రం తగ్గిపోతున్నాయి. నేనూ ఆ సాయంత్రం ఒకటి తోడాను. రెండుసార్లు గోడ కూలింది. మూడోసారి నీళ్లు పడ్డాయి గానీ, వాటిని చూసి మా వదిన బియ్యం కడగడానికి కూడా పనికిరావంది.

వండుకోవడం ఇసుకలోనే. మూడు రాళ్లు, మోదుగాకు విస్తళ్లు, చింతకాయ తొక్కు. నెగడు కూడా ఇసుక మధ్యలోనే వేయించాడు. టేకాకు రాలి ఎండిన రోజులు, ఒడ్డు మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. దశమి వెన్నెల. అవతలి గుట్ట మీద కొండముచ్చు ఒకటి దగ్గినట్టు అరిచింది. తాత తల తిప్పి కాసేపు విన్నాడు. మళ్లీ అరవలేదు. ఈ మధ్య మా అడవుల్లో పులి తిరుగుతోందన్న కబురు అప్పుడప్పుడూ వస్తోంది కనుక పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టాం. తొంభైల్లో ఈ బాటన రాత్రి పడుకోవాలంటే అటు వాళ్లకూ ఇటు వాళ్లకూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేదని తాత అన్నాడు. అంతకు మించి మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

నిద్ర పట్టక శ్రీశైలం కాలిబాట గుర్తు చేసుకున్నాను. ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలో నడిచి వచ్చే దారి అది. ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడని చెప్పే కొండ. ఆ దారిలో మజిలీల పేర్లు వరసగా చెప్పుకుంటే దామర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను. కుంట, చెరువు, బావి, కొలను! అన్నేళ్లుగా ఆ పేర్లు వింటున్నా, మధ్యాహ్నం రెండున్నరకు ఆగమన్న మనిషి మీద కోపం వస్తే గానీ నాకు ఆ సంగతి తట్టలేదు. దారి పొడవునా ఎన్ని గుట్టలు, ఎన్ని లోయలు లేవు? పేర్లు నిలిచినవి ఎక్కువగా ఆగిన చోట్లవి.

రెండో రోజు నా తప్పుకు నేను అనుభవించాను. కొత్త బూట్లు. పది గంటలకల్లా రెండు మడమలూ బొబ్బలెక్కాయి. చెబితే పరువు పోతుందని ఒంటిగంట దాకా చెప్పలేదు. ఎట్లా తెలుసుకున్నాడో, వెనక నుంచి వచ్చి "ఇప్పు" అన్నాడు తాత. మేనమామ మోకాళ్లకని తెచ్చుకున్న ఆముదం పూసి, పాత ధోవతి పేలిక చుట్టి, నా బూట్లు నా సంచికే కట్టి, మేనమామ దగ్గరున్న రెండో జత చెప్పులు ఇప్పించాడు. రెండో జత బూట్లు కాటారం హోటల్‌లో ఉన్న సంగతి నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

ఆ రాత్రి నెగడు దగ్గర ఆయనకు షమొని కథ చెప్పాను. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల కింద ఊరు. 1820 ఆగస్టులో జోసెఫ్ హామెల్ అనే రష్యా శాస్త్రవేత్త అక్కడి గైడ్లను వెంటబెట్టుకుని మోంబ్లా శిఖరానికి బయలుదేరాడు. కొత్త మంచు పడింది, వాతావరణం బాగాలేదు, వెనక్కి పోదామని గైడ్లు అన్నారు. ఆయన పోదాం పదమన్నాడు. మంచు విరుచుకుపడి ముగ్గురు గైడ్లు పగులులోకి కొట్టుకుపోయారు. మరుసటి ఏడు, 1821లో, ఆ ఊరి గైడ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. లోకంలో కొండ గైడ్ల సంఘాల్లో అదే మొదటిదంటారు, ఇప్పటికీ నడుస్తోంది.

తాత అంతా విని ఒకటే అడిగాడు. "పైసలిచ్చినోడు బతికిండా?"

"బతికిండు."

"గదే మరి" అని కట్టెను నెగట్లోకి నెట్టాడు.

మంగళవారం పొద్దున నడుస్తూ, "పెనకోళ్లు ఈయాల ఎల్తరు" అన్నాడు. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును పెనక వంశం పూజారులైన వడ్డెలు కాలినడకన తీసుకొస్తారు. గుట్టలు, వాగులు దాటుకుంటూ దాదాపు 70 కిలోమీటర్లు. ఆ రాత్రికి గోవిందరావుపేట మండలం లక్ష్మీపురంలో తమ వంశం వాళ్ల ఇంట్లో బస. బుధవారం సాయంత్రానికి మేడారం. కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు అదే వేళకు వచ్చి గద్దెలెక్కుతారు. గురువారం చిలుకలగుట్ట దిగి సమ్మక్క వస్తుంది. దేవుడే రాత్రికి ఒక ఇంట్లో ఆగి, పొద్దున లేచి నడుస్తాడు. రెండో రోజు మధ్యాహ్నానికే చేరిపోవాలని ఎవరూ తొందరపెట్టరు.

ఆ రోజు ఎండ ముదిరింది. తాత చెప్పిన వాగు రావడం ఆలస్యమయింది. తప్పు ఆయనది కాదు, నా మడమలది. సొరబుర్ర ఖాళీ, నా సీసా ఖాళీ. పిల్లలు మాట్లాడటం మానేశారు. ఒంటిగంటన్నరకు వాగు ఒడ్డు దిగేసరికి ముందున్న మా అన్న కొడుకు ఆగి నిలబడ్డాడు. ఇసుక మధ్యలో రేగు కంప ఒకటి బోర్లించి ఉంది. ఎద్దులు తొక్కకుండా, కుక్కలు మూతి పెట్టకుండా ఎవరో వేసిపోయిన కంప. దాని కింద చెలిమె. అంచున ఇసుకలో బోర్లించిన కొబ్బరి చిప్ప.

తాత కంపను కట్టెతో పక్కకు జరిపాడు. మొదటి చిప్ప పారబోసి, ఊరేదాకా కూర్చున్నాడు. పిల్లలు, చిన్నమ్మ, వదిన, మేనమామ, మేము. తాను చివరికి తాగాడు. చిప్పను కడిగి మళ్లీ అట్లాగే బోర్లించాడు. మేం నడుములు వాల్చి పది నిమిషాలు కూడా కాకముందే అవతలి ఒడ్డున బండ్ల గంటలు వినిపించాయి. తాత లేచి కంపను చెలిమె మీదికి లాగి, మళ్లీ ఏదో తోచినట్టు, వద్దని పక్కకు నెట్టేశాడు. వచ్చేవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు.