ఆపే హక్కు లేని తనిఖీ

వైర్ రోప్ ఎలా చూడాలో నాకు నేర్పిన ఫోర్‌మన్ గారి జేబులో ఎప్పుడూ ఒక నూలుగుడ్డ ఉండేది. క్రేన్ ఆపించి, చేతికి గ్లౌజు తొడుక్కుని, తాడు వెంట ఆ గుడ్డను మెల్లగా జరుపుతూ పోయేవారు. తీగ తెగినచోట గుడ్డ పట్టుకునేది. అక్కడ గ్రీజు తుడిచి, తెగిన తీగలు లెక్కపెట్టి, తాడు ఎంత సన్నబడిందో వెర్నియర్‌తో కొలిచేవారు. పుల్లీ మీద వంగేచోట, చివర సాకెట్‌లోకి దూరేచోట ఇంకాస్త ఎక్కువసేపు ఆగేవారు. తాడు ముందుగా అలసిపోయేది అక్కడే.

ఆ తర్వాత హుక్. దాని నోరు తెరుచుకుందంటే ఎప్పుడో మోయకూడని బరువు మోసిందన్నమాట. లాచ్ స్ప్రింగు పోతే స్లింగు జారిపోవచ్చు. బండిని నిలబెట్టే అవుట్‌రిగ్గర్ కాళ్ల సిలిండర్ నుంచి ఆయిల్ కారుతుంటే, లోడ్ గాల్లో ఉండగానే బండి ఒక పక్కకి కుంగవచ్చు. దసరాకి ఆయుధ పూజ కోసం బండి కడిగినప్పుడు, మట్టి పోయాక బూమ్ వెల్డింగు మీద వెంట్రుకంత పగులు బయటపడటం చూశాను. కడగడమే సగం తనిఖీ అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పని పండగ దాకా ఆగకూడదు.

విశాఖ ప్రాంతంలో గాజువాక, పరవాడ వైపు ఏ సైటుకెళ్లినా కనిపించేది హైడ్రా క్రేన్. దానికి టైర్లే కాళ్లు. ఒక టైర్లో గాలి తగ్గినా లోడ్ పక్కకి లాగుతుంది. 14 టన్నుల హైడ్రా అంటే 14 టన్నులు ఎక్కడైనా ఎత్తుతుందని కాదు. బూమ్ లోపలికి ఉండి, లోడ్ బండికి బాగా దగ్గరగా ఉన్నప్పటి లెక్క అది. బూమ్ చాచేకొద్దీ మోయగలిగేది తగ్గిపోతుంది. లోడుతో నడుస్తూ మలుపు తిరిగితే మరింత తగ్గుతుంది. ఈ సంగతంతా క్యాబిన్‌లో అంటించిన లోడ్ చార్టు చెబుతుంది, బరువు మించితే అలారం మోగుతుంది. కానీ చార్టు చెరిగిపోయిన బండ్లు చూశాను, గోల పడలేక అలారం వైరు పీకేసిన బండ్లూ చూశాను. వాటిలో కొన్నింటి ఫైల్లో టెస్ట్ సర్టిఫికెట్ మాత్రం భద్రంగా ఉంది.

క్రేన్లను కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని, ఎంత బరువు ఎత్తవచ్చో వాటి మీద స్పష్టంగా రాసి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే రాశారు. మంచి నియమం. కానీ ఏడాదికోసారి చూసే ఇంజనీరుకి నిన్న సాయంత్రం తెగిన తీగ ఎలా తెలుస్తుంది? పైగా పరీక్ష కూడా ప్రమాదమే. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో 11 మంది ప్రాణాలు తీసిన క్రేన్ లోడ్ టెస్ట్ జరుగుతుండగానే కూలింది. అది హైడ్రా లాంటి బండి కాదు, భారీ జెట్టీ క్రేన్. అయినా పాఠం అన్నిటికీ ఒకటే: బరువు పెట్టి చూసేటప్పుడు మనుషులు దూరంగా ఉండాలి.

రోజూ పొద్దున్నే బండి చుట్టూ తిరిగి చూసేది ఆపరేటర్. లోపం ముందుగా కనబడేది అతనికే. "తాడు మార్చాలన్నా" అని ఒక సైటులో ఆపరేటరే నాతో అన్నాడు. మరి ఎందుకు ఆపలేదంటే, "ఆపితే రేపు ఇంకొకణ్ణి ఎక్కిస్తారు" అన్నాడు. బండి ఒకరిది, అద్దెకు తెచ్చింది సబ్‌కాంట్రాక్టరు, పని కంపెనీది. గంటల లెక్కన అద్దె నడుస్తుంటే, బండి ఆపిన నష్టమంతా చివరికి ఆ ఆపరేటర్ మీదే పడుతుంది. అలాంటప్పుడు అతను చెక్‌లిస్టు నిండా టిక్కులు పెట్టడంలో వింత లేదు. ఆపే హక్కు లేనివాడి చేత చేయించే తనిఖీ కాగితం నింపడమే అవుతుంది.

సైటు మేనేజర్లకు, బండ్ల యజమానులకు నేను అడిగేది ఒక్కటే. అద్దె ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి: తనిఖీలో లోపం దొరికి బండి ఆగితే ఆ రోజు ఆపరేటర్ కూలీ, బత్తా తెగవు. ఇంకా వీలైతే, లోపం పట్టుకున్నవాణ్ణి టూల్‌బాక్స్ మీటింగులో అందరి ముందూ మెచ్చుకోండి. కొత్త తాడు ఖర్చు ఎంతో మీకు బాగా తెలుసు. పాత తాడు తెగితే కింద ఉండేది ఎవరో కూడా మీకు తెలుసు.