మంత్రసాని అన్న మాట

"మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అనే సామెత నేను ఎక్కువగా విన్నది మగవాళ్ల నోట. ఆఫీసులో ఇష్టం లేని పని నెత్తిన పడ్డప్పుడు, రాజకీయాల్లో ఎవరి తప్పో మోయాల్సి వచ్చినప్పుడు నవ్వుతూ అనుకుంటారు. అసలు సామెతలో "ఏదొచ్చినా" అని ఉండదు. బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి అని ఉంటుంది. సభామర్యాద కోసం సగం కత్తిరించి వాడుకుంటున్నాం. ఆ కత్తిరింపులో మాయమైంది నిజానికి ఆ పని చేసే మనిషి. రెండు చేతులూ చాచి, ఏది వస్తుందో తెలియకుండా, ఆ గదిలో కూర్చున్న ఆడమనిషి.

ఆమె మన సాహిత్యంలో ఎక్కడుంది?

పురుడు లేకపోలేదు. కవులు తమ కవిత్వానికి పురిటినొప్పులు అరువు తెచ్చుకోవడం పాత అలవాటే. ఆ నొప్పిని అసలు సొంతదారుల దగ్గరికి తిరిగి తెచ్చింది స్త్రీవాద కవిత్వం. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాశాక ప్రసవాన్ని మాతృత్వ స్తోత్రంగా మాత్రమే చదవడం కుదరలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ఉద్యమం గురించి చెబుతూనే కాన్పుల గురించీ, వదులుకోవాల్సి వచ్చిన బిడ్డల గురించీ చెప్పారు. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' మన ఒంటి గురించి మనం మన భాషలో మాట్లాడుకోవచ్చునని ధైర్యమిచ్చింది. ఇదంతా లేకపోతే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. అయితే ఈ సాహిత్యంలో ఎక్కువగా గొంతు విప్పింది మంచం మీది స్త్రీ. అది న్యాయమే. మంచం పక్కన నిలబడిన స్త్రీ మాత్రం కథల్లో వేడినీళ్లు అడిగే ముసలమ్మగానో, వార్డులో కసిరే నర్సుగానో వచ్చి వెళ్లిపోతుంది. ఆమె ఏం చూసింది, ఏం ఆలోచించింది అని మనం పెద్దగా అడగలేదు.

ఆ ప్రశ్నతోనే కామారెడ్డిలో ఒక యువతిని కలిశాను. నర్సింగ్ చదివి, ఆపైన పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ పొందింది. తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో మొదలుపెట్టిన కోర్సు అది. మరిచిపోలేని కాన్పు ఏదైనా చెప్పమంటే ఆమె మొదట రిజిస్టరు వైపు చూసింది. అందులో ఆ రాత్రి ఒకే ఒక్క వరుస. తల్లి పేరు, వయసు, ఎన్నో కాన్పు, టైము, నార్మల్, ఆడబిడ్డ, బరువు. రిమార్కుల గడి ఖాళీ.

ఆ ఖాళీ గడిని చూసినప్పుడు నాకు మార్తా బాలర్డ్ గుర్తొచ్చింది. అమెరికాలోని మెయిన్ ప్రాంతంలో 1785 నుంచి 1812 దాకా డైరీ రాసిన మంత్రసాని. ఆ కాలంలో 816 కాన్పులు చేసింది. వాతావరణం, నది దాటడం, ఎవరింట్లో ఏ బిడ్డ పుట్టింది, ఎంత ముట్టింది, ఇవే రోజూ రాసుకుంది. పాత చరిత్రకారులు దాన్ని చిల్లర సంగతుల పుస్తకమని పక్కన పెట్టారు. లారెల్ థాచర్ ఉల్‌రిచ్ ఆ చిల్లర సంగతులనే ఓపికగా చదివి 1990లో 'ఎ మిడ్‌వైఫ్స్ టేల్' రాసింది. మన మంత్రసానులు డైరీలు రాయలేదు. రాత వాళ్లకు అందనివ్వలేదు. ఇప్పుడు రాయగలిగిన మిడ్‌వైఫ్‌కేమో రాయడానికి ఒక గడి మాత్రమే ఉంది.

ఆ గడిలో పట్టనిది ఆమె నాకు నోటితో చెప్పింది. గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. తల్లి బీడీలు చుట్టే అమ్మాయి. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది, ఇది రెండోది. భర్త దుబాయి నుంచి కాన్పు కోసమే వచ్చాడు. సెలవు అయిపోవస్తోంది. బిడ్డ తల కిందికే ఉంది కానీ వీపు తల్లి వీపు వైపుకు తిరిగి ఉంది. అట్లాంటప్పుడు నొప్పంతా నడుములోకి వస్తుంది, తల తిరిగి దిగడానికి చాలాసేపు పడుతుంది. అత్తగారు పెద్దాపరేషన్ చేసెయ్యమని పట్టుబట్టింది. మొదటి బిడ్డ పోయిన ఇంట్లో ఆ భయం అర్థం లేనిది కాదు. డాక్టరుకు సంగతి చెప్పి, ఆపరేషన్ థియేటర్‌ను సిద్ధంగా ఉంచుకుని, ఈమె ఆ అమ్మాయినే అడిగింది: ఇంకొంతసేపు చూద్దామా అని. "సూద్దాం, కానీ నన్నొక్కదాన్నే ఇడిసిపోవద్దు" అందట.

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా వరుసగా చిన్న చిన్న పనులు. నడిపించడం. మోకాళ్ల మీద, చేతుల మీద వంగి ఉండమనడం. ఎడమ పక్కకు, కుడి పక్కకు తిప్పడం. నీళ్లు తాగించడం. మాటిమాటికీ బిడ్డ గుండె చప్పుడు వినడం. ప్రసవ సమయంలో తోడుగా ఒకరిని ఉండనివ్వవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది, అయితే మగవాళ్లు లోపలికి రావడం మన దగ్గర ఇంకా వింతే. ఆ రాత్రి పక్క మంచాలు ఖాళీగా ఉండటంతో భర్తను పిలిచింది. అతను గోడకు ఆనుకుని వణుకుతున్నాడు. వేడినీళ్లలో పిండిన గుడ్డ అతని చేతికిచ్చి, నొప్పి వచ్చినప్పుడల్లా నడుము కింద గట్టిగా అదమమంది. "మొదలు ఆయన చెయ్యి ఆమె ఒంటికి తాకుతలేదక్కా, గుడ్డే తాకుతుంది. రెండు గంటలైనంక చెయ్యి తాకింది. అప్పటి సంది ఆమె నన్ను పిలుసుడు బంద్ చేసింది, ఆయన్నే పిలిచింది. నాకు మస్తు సంబరమైంది." తెల్లవారుజామున తల తిరిగింది. బిడ్డ వెంటనే ఏడవలేదు. తుడిచి, వీపు నిమిరాక ఏడ్చింది. ఆమె కంటే ముందు తండ్రి ఏడ్చాడు.

"నేనేం చెయ్యలేక్కా. ఆమెనే కన్నది. నేనున్న, గంతే" అని ముగించింది.

ఈ కథనాన్ని విమర్శకురాలిగా చదివితే మొదట కనబడేది దాని క్రియాపదాలు. మనకు తెలిసిన ఆసుపత్రి కథల్లో డాక్టరు కాపాడతాడు, కోస్తాడు, తీస్తాడు. ఇక్కడ కనడం తల్లిది, అదమడం భర్తది, తిరగడం బిడ్డది. చెప్పే మనిషికి మిగిలింది "ఉన్న" ఒక్కటే. మిడ్‌వైఫ్ అనే మాటకు పాత ఇంగ్లీషులో "స్త్రీతో ఉండేది" అనే అర్థం. అది తెలియకుండానే ఆమె అదే అన్నది. తనను పిలవడం మానేసిన క్షణాన్ని ఆమె తన గెలుపుగా చెప్పుకుంది. తాను అక్కర్లేకుండా పోవడమే పని ఫలించిందనడానికి గుర్తు అయిన కథను ఎట్లా రాయాలో మన కథాశిల్పానికి ఇంకా తెలియదు. మనకు నాయిక కావాలి, మలుపు కావాలి.

కానీ "నేనేం చెయ్యలే" అన్న వినయం నన్ను ఇబ్బంది పెట్టింది. స్త్రీల శ్రమ ఇట్లాగే కదా లెక్కల్లోంచి పోయేది. ఆ ఇబ్బందితోనే, ఆమె అనుమతి తీసుకుని, ఆ రికార్డింగును లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా మోసుకెళ్లి, ఆ పక్క ఊరిలో ఒక అవ్వకు వినిపించాను. కులం పనిగా మంత్రసానితనం చేసిన మాదిగ అవ్వ. 2005లో జననీ సురక్ష యోజన, 108 అంబులెన్సులు వచ్చి కాన్పులు ఆసుపత్రులకు తరలాక ఆమె చేతులకు పని లేకుండా పోయింది. ఆ తరలింపు ఎందరు తల్లుల ప్రాణాలు కాపాడిందో తనకూ తెలుసు. "నా సేతుల్ల ఇద్దరు పోయిండ్రు బిడ్డా, నెత్తురు ఆగలే" అని తనే చెప్పింది.

రికార్డింగు మొత్తం కళ్లు మూసుకుని విన్నది. చివరి మాట దగ్గర కళ్లు తెరిచింది. "ఏం చెయ్యలే అంటదేంది? తెల్లందాక ఆగింది గదా. ఆగుడు అల్కటి పనా? ఎప్పుడు ఆగాల్నో ఎప్పుడు ఉరకాల్నో ఎరుకుంటెనే ఆగొస్తది." నేను ఆ కథ మీద రాసుకున్న నోట్సు కంటే ఆ నాలుగు మాటలే మంచి విమర్శ.

అవ్వ అక్కడితో ఆగలేదు. తను పురుడు పోసిన దొరసాని గురించి చెప్పింది. రాత్రంతా ఆ దొరసాని తన మెడ పట్టుకుని వేలాడింది. పొద్దున బిడ్డకు నీళ్లు పోశాక, బియ్యం చేటను వాకిట్లో పెట్టి తీసుకొమ్మన్నారు. నొప్పులప్పుడు లేని మైల తెల్లారేసరికి ఎక్కడినుంచి వచ్చింది? 'సాని' ఒకప్పుడు గౌరవవాచకం, స్వామినికి వికృతి. దొరసానిలోనూ మంత్రసానిలోనూ ఉన్నది అదే సాని. ఒక సాని గడిలో ఉండిపోయింది, రెండో సాని వాకిట్లో. సామెతలో కత్తిరించేసిన ఆ పియ్యి మాట నిజానికి కులం మాట. దాన్ని ఎవరు పట్టాలో ముందే నిర్ణయమై ఉన్న సమాజంలో "ఒప్పుకున్నాక" అనడమే పెద్ద అబద్ధం. అవ్వను ఎవరూ ఒప్పుకుంటావా అని అడగలేదు. కామారెడ్డి అమ్మాయి మాత్రం తనకు తాను ఒప్పుకుంది. అందుకే ఆమెకు ఆ పనిలో తృప్తి గురించి మాట్లాడే వీలుంది. అవ్వకు పనితనం ఉండింది కానీ తృప్తి అనే మాట వాడలేదు.

ఇక్కడ నా స్థానం కూడా చెప్పుకోవాలి. నాది సిజేరియన్, ముహూర్తం చూసి పెట్టింది. ఒప్పుకుంటావా అని నన్నూ ఎవరూ అడగలేదు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఈ అంకెలు చూసి "నార్మల్" కాన్పుకు హారతి పట్టడం సులువు. నేను ఆ పని చెయ్యదలచుకోలేదు. నొప్పి ఓర్చుకున్న తల్లే తల్లి అనే పాత పాట కొత్త రాగంలో తిరిగొస్తే దానివల్ల బాగుపడేది స్త్రీలు కాదు. ఆ రాత్రి తల తిరగకపోయి ఆపరేషన్ అయి ఉంటే కూడా నేను ఈ కథ రాసేదాన్ని. ఎందుకంటే ఆ అమ్మాయిని అడిగారు. అడిగినప్పుడు ఒకరు పక్కన ఉన్నారు.

మంత్రసాని అనే పేరు మీకిష్టమేనా అని కామారెడ్డి అమ్మాయిని అడిగితే ముఖం ముడుచుకుంది. "వద్దక్కా. మా అమ్మ బీడీలు జేసి నన్ను సదివించింది ఆ పేరు కోసం కాదు." పదాన్ని తిరిగి నిలబెట్టాలని వ్యాసాలు రాసుకునే నాకు ఆ జవాబు మింగుడు పడలేదు. కానీ ఆ పేరుకు అంటిన మైల నేను కడిగేస్తే పోయేది కాదు. ఆమె వద్దనడంలో అవ్వ వాకిలి కూడా ఉంది.

రెండోసారి వెళ్లినప్పుడు అవ్వ మాటల రికార్డింగు ఆమెకు వినిపించాను. ఆగుడు గురించి అన్నచోట తల దించుకుని చిన్నగా నవ్వింది. ఆ వెనుక ఒకచోట, బిడ్డ వీపు వెనక్కి ఉంటే తాను ఏం చేసేదో అవ్వ చెబుతుంది: తల్లిని తలుపు చెక్క పట్టుకుని వంగి నిలబడమనడం, నడుముకు ఆముదం రాసి పైనుంచి కిందికి దిద్దడం. అది రెండుసార్లు వింది. తర్వాత నన్ను అడిగింది.

"ఆమె ఊరు యాడనో చెప్పవా అక్కా? ఆదివారం నాకు డ్యూటీ లేదు."