మెట్లు దిగితే మెటల్

టోక్యోలో హెవీ మెటల్ వినాలంటే మెట్లు దిగాలి. షింజుకులోనో, కోయెంజిలోనో, షిమోకితజావాలోనో ఒక సందులోకి తిరిగితే నూడుల్స్ హోటలుకూ సెలూన్‌కూ మధ్య ఒక్క మనిషి పట్టే ద్వారం కనిపిస్తుంది. లోపలికి దిగే గోడల నిండా పాత పోస్టర్లు, వాటి మీద స్టిక్కర్లు. ఆ మెట్ల అడుగున వందమందో, మహా అయితే రెండు మూడు వందలమందో నిలబడే గది. అక్కడ దాన్ని లైవ్ హౌస్ అంటారు. లోపల వంద డెసిబెళ్ల మోత సాగుతున్నా పైన వీధిలో నడిచేవాడికి ఆ సంగతే తెలియదు.

రాక్, మెటల్ అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెదిలేది జుట్టు విరబోసుకున్న కుర్రాళ్లు, విరిగిన గిటార్లు, తాగి తందనాలాడటం. అందులో నిజం బొత్తిగా లేదనను. కానీ టోక్యో లైవ్ హౌస్ నడిచే పద్ధతి చూస్తే ఇంత కట్టుదిట్టమైన సంగీత వేదిక మరొకటి ఉందా అనిపిస్తుంది. మోత పుట్టించడానికి కరెంటుంటే చాలు. నాలుగైదు బృందాలు ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీద, ఒకే డ్రమ్ సెట్టుతో, గడియారం తప్పకుండా ఆ మోతను పంచుకోవడానికి మాత్రం విద్య కావాలి. చెప్పబోయేది ఆ విద్య గురించే.

ఈ గదులకు ముందు కాఫీ కొట్లు ఉండేవి. విదేశీ రికార్డు కొనడం సామాన్యుడికి అందని రోజుల్లో, ఒక్క కప్పు కాఫీతో గంటలకొద్దీ జాజ్ రికార్డులు వినే కొట్లు జపాన్ నగరాల్లో వెలిశాయి. తర్వాత కొన్ని రాక్ వైపు మళ్లాయి. హిరానో యూ అనే ఆయన 1971లో టోక్యో శివారు కరసుయామాలో తెరిచిన ‘లోఫ్ట్’ కూడా అలా జాజ్ కొట్టుగా పుట్టిందే. 1976లో షింజుకు లోఫ్ట్ తెరుచుకుంది. 1999లో పాత చోటు ఖాళీ చేయాల్సివచ్చి కబుకిచోకు మారింది. నలుపు తెలుపు గళ్ల వేదిక అక్కడి గుర్తు. క్యోటోలో 1973లో మొదలైన జిత్తోకు, మరుసటి ఏడు వచ్చిన తకుతకు, రెండూ సాకే మద్యం నిలవచేసే పాత గిడ్డంగుల్లో ఏర్పడ్డాయి.

రికార్డులు వినే అలవాటూ పోలేదు, రాక్ బార్లలో బతికే ఉంది. షింజుకులోని గోల్డెన్ గై సందుల్లో పట్టుమని పదిమంది కూర్చోలేని బార్లున్నాయి. మెటల్‌కే అంకితమైన బార్లు వేరే ఉన్నాయి. కౌంటర్ వెనక యజమాని, ఆయన వెనక గోడంతా ఎల్పీలు. కావలసిన పాట చీటీ మీద రాసిస్తే దాని వంతు వచ్చినప్పుడు వేస్తాడు. అక్కడ గట్టిగా కబుర్లు చెప్పుకోవడం మర్యాద కాదు; చెప్పుకున్నా వినపడవనుకోండి.

లైవ్ హౌస్‌లో టికెట్టు కొన్నాక ద్వారం దగ్గర మరో ఐదారువందల యెన్లు తీసుకుంటారు, డ్రింక్ కోసమని. బీరే తాగాలని లేదు, నారింజ రసం తీసుకోవచ్చు. ఏమీ వద్దన్నా కట్టాల్సిందే. కొత్తవాళ్లకు ఇది దోపిడీలా కనిపిస్తుంది గానీ కారణం చట్టంలో ఉంది. సినిమా హాళ్లకూ నాటకశాలలకూ వర్తించే 1948 నాటి చట్టం కింద అనుమతి తెచ్చుకోవడం నేలమాళిగలోని చిన్న గదికి గగనం. అందుకని చాలా లైవ్ హౌసులు కాగితాల మీద హోటళ్లు. హోటలన్నాక తిండో పానీయమో అమ్మాలి. చేతికిచ్చే ఆ గ్లాసు వల్లే గిటారు మోగుతోందన్నమాట.

ఇక గది సంగతి. బయటి కాంక్రీటు గోడలకు తగలకుండా లోపల మరో పెట్టె కడతారు, నేలను రబ్బరు దిమ్మల మీద నిలబెడతారు. రెండు బరువైన తలుపులు, మధ్య కాస్త ఖాళీ. ఒకటి మూశాకే రెండోది తీయాలి. గాలిలో వచ్చే శబ్దాన్ని మందమైన గోడ ఆపగలదు. డ్రమ్ముల అదురూ, బేస్ గిటారు హోరూ అలా ఆగవు. కట్టడం గుండానే పాకి మూడో అంతస్తులో పడుకున్నవాడి మంచం కదిలిస్తాయి. ఖర్చంతా ఆ అదురును ఆపడానికే.

సాయంత్రం కచేరీ అంటే మధ్యాహ్నమే పని మొదలు. ప్రతి బృందమూ ముందే ఒక కాగితం నింపి ఇస్తుంది. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఏ పాట తర్వాత ఏ పాట, ఎక్కడ ఎర్ర దీపం, ఎక్కడ చీకటి, ఎవరికి ఎవరి వాద్యం ఎక్కువ వినిపించాలి, అన్నీ అందులోనే. రిహార్సల్ తిరగేసిన వరసలో జరుగుతుంది. చివర వాయించేవాళ్లు ముందు, మొదట వాయించేవాళ్లు చివర. ఆ చివరి రిహార్సల్ కాగానే మైకులూ వైర్లూ ఎక్కడివక్కడ ఉంచేసి తలుపులు తీస్తారు. కచేరీ ఆలస్యం లేకుండా మొదలవుతుంది. ఒక్కో బృందానికి అటూ ఇటూగా అరగంట, మధ్యలో మార్పుకు పది పదిహేను నిమిషాలు. మన నాటిక పోటీలు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒక సమాజం సెట్టు విప్పుకుంటుంటే తెర పక్కన మరో సమాజం సామానుతో నిలబడి ఉండటం, పరిషత్తు గంట కొట్టడం, అదే ఉద్వేగం ఇక్కడా ఉంటుంది. సమయం మించితే తర్వాతి బృందం పాట కోత పడుతుంది కాబట్టి మించరు.

ఈ వేగానికి సాయపడేది ఒక యంత్రం. రోలాండ్ కంపెనీ 1975లో తెచ్చిన జేసీ-120 అనే గిటార్ ఆంప్లిఫయర్. పన్నెండు అంగుళాల స్పీకర్లు రెండు, 120 వాట్లు, ట్రాన్సిస్టర్లతో పనిచేస్తుంది. జపాన్‌లో లైవ్ హౌసుల్లోనే గాక గంటల లెక్కన అద్దెకిచ్చే సాధన స్టూడియోల్లోనూ అది దాదాపు తప్పక ఉంటుంది. పక్కనే ఒక మార్షల్ ఆంప్లిఫయర్. దాంతో గిటారిస్టు భుజాన గిటారు, చేతిలో పెడళ్ల పెట్టె పట్టుకుని లోకల్ రైల్లో వచ్చేస్తాడు. సాధనలో గుబ్బలు ఎంత తిప్పాడో గుర్తుంటే ఇక్కడా అంతే తిప్పుతాడు. జేసీ-120 శబ్దం మరీ శుభ్రంగా, చల్లగా ఉంటుందని మెటల్ వాళ్లు సణుగుతారు. ఆ సణుగుడు న్యాయమే. అయినా నిన్న కాక మొన్న పుట్టిన బృందానికీ ఇరవై ఏళ్ల అనుభవజ్ఞులకూ ఒకే సామాను అందడం వల్ల వాయిద్యం ఖరీదు పక్కకు తప్పుకుని వాయించే చేయి ముందుకొస్తుంది.

అసలు కష్టం శబ్దాన్ని కుదర్చడంలో ఉంది. చిన్న గదిలో డ్రమ్ముకు వాల్యూమ్ గుబ్బ లేదు. అది మోగినంతా మోగుతుంది. మిగిలినవన్నీ దానికి సర్దుకోవాలి. అందుకే సౌండ్ ఇంజనీరు పరీక్ష కాలితో కొట్టే కిక్ డ్రమ్ముతో మొదలుపెట్టి, స్నేర్, మిగతా డ్రమ్ములు, బేస్, గిటార్లు, చివరికి గొంతు దగ్గరికి వస్తాడు. వేదిక మీద వినిపించేది లోపలి శబ్దం, జనానికి చేరేది బయటి శబ్దం అని అక్కడివాళ్లు విడదీసి మాట్లాడుకుంటారు. లోపలి శబ్దం కుదరకపోతే బయట ఎంత మంచి స్పీకర్లున్నా లాభం లేదు. వేదిక మీద నేలన పడివుండే మానిటర్లు వాయించేవాళ్లకు తమ వాద్యం, గాయకుడికి తన గొంతు వినిపించడానికే.

మెటల్‌లో ఈ చిక్కు రెండింతలు. బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారంలో పదిహేడేళ్ల వయసులో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న గిటారిస్టు టోనీ అయోమీ, 1971 నాటి బ్లాక్ సబ్బత్ మూడో ఆల్బమ్‌కు గిటారు తీగలను వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. అప్పటి నుంచి మెటల్ గిటారు కిందికే జారుతూ వచ్చింది. అలా జారి బేస్ గిటారు చోటులోకి దూరుతుంది, బేస్ వెళ్లి కిక్ డ్రమ్ముతో ఢీకొంటుంది. పైగా కుర్ర గిటారిస్టులు గదిలో ఒంటరిగా సాధన చేసేటప్పుడు మధ్య స్థాయి స్వరాలు తగ్గించి, అడుగూ పైనా పెంచుకుంటారు. ఒంటరిగా అది భయంకరంగా, అంటే బ్రహ్మాండంగా ఉంటుంది. బృందంలోకి రాగానే గిటారు మాయం. మనిషి చెవి గిటారును గుర్తుపట్టేది ఆ మధ్య స్వరాల్లోనే. ఈ పాఠం ఏ పుస్తకం చెప్పినా ఎక్కదు, లైవ్ హౌస్ సౌండ్ ఇంజనీరు విసుగు మొహం చూస్తే ఎక్కుతుంది.

గొంతు సంగతి ఇంకా తమాషా. మెటల్ గాయకులు మైకు తలను రెండు చేతులతో మూసి పట్టుకుంటారు, చూడటానికి బాగుంటుంది. వేదిక మైకు ముందువైపు శబ్దాన్నే పట్టి వెనకవైపుది వదిలేసేలా తయారవుతుంది. ఆ పని చేసే రంధ్రాలు తల వెనక భాగంలో ఉంటాయి. అవి మూస్తే మైకు నలుమూలల శబ్దమూ పట్టేసి, మానిటర్ మోతను మళ్లీ మింగి, కీచుమంటుంది. ఆ గర్జన కూడా వట్టి అరుపు కాదు. స్వరతంతువుల పైనున్న మడతలను అదిరిస్తూ, ఊపిరిని పొదుపుగా వాడే సాధన అది. అది తెలియనివాడికి మూడో పాటకల్లా గొంతు పోతుంది.

ఇంత మెచ్చుకున్నాక చేదు కూడా చెప్పాలి. టోక్యోలో వేదిక ఎక్కినందుకు డబ్బు వస్తుందనుకుంటే పొరపాటు, చాలాసార్లు మనమే కట్టాలి. దాన్ని నోరుమా అంటారు. ఉదాహరణకు బృందానికి 2,000 యెన్ల టికెట్లు 20 అంటగడతారు. ఎనిమిదే అమ్ముడైతే మిగిలిన 12 టికెట్ల 24,000 యెన్లు బృందం జేబులోంచి పోతాయి. ఇరవై దాటాక అమ్మినవాటిలోనే వాటా, సాధారణంగా సగం. ద్వారం దగ్గర ‘ఈరోజు ఎవరి కోసం వచ్చారు?’ అని అడిగేది ఈ లెక్క కోసమే. మీరు చెప్పిన పేరు కింద ఒక గీత పడుతుంది. షిమోకితజావాలోని షెల్టర్ అనే వేదిక నమూనాగా ఒక లైవ్ హౌసును చూపించిన ‘బొచ్చి ది రాక్!’ అనే 2022 నాటి యానిమే చూసిన మన పిల్లలకు ఈ తంటా తెలిసే ఉంటుంది. అందులో ఆ అమ్మాయిలు టికెట్లు అంటగట్టలేక పడే అవస్థ కల్పన కాదు.

యజమానుల వాదన వాళ్లకుంది. అద్దె, సౌండ్ ఇంజనీరు జీతం, రబ్బరు దిమ్మల అప్పు, ఇవన్నీ జనం వచ్చినా రాకున్నా ఆగవు. ఒప్పుకుంటాను. అయితే నష్టభయమంతా వాయించేవాడి మీదికి నెట్టేస్తే జనాన్ని రప్పించాలన్న తపన గదికి ఎందుకుంటుంది? స్నేహితులే శ్రోతలు, శ్రోతలే స్నేహితులు అయిపోతారు. డబ్బున్న ఇంటి పిల్లలు వాయిస్తూ ఉంటారు, లేనివాడు మానేస్తాడు. ఈ పద్ధతిలో నేను సమర్థించలేనిది ఇదొక్కటే.

అయినా ఆ గదుల్లో ఒక బడి నడుస్తుంది. ఒకే రాత్రి డూమ్ మెటల్ వాళ్లూ, పంక్ వాళ్లూ, ఏ పేరుకీ లొంగని గోల చేసేవాళ్లూ కలిసి వాయిస్తారు. ఒకరి కోసం వచ్చినవాడు మరొకరిని వింటాడు. సొంత పాట వాయించడమే అక్కడి ఆనవాయితీ. న్యూయార్క్‌లో 1973లో హిల్లీ క్రిస్టల్ తెరిచిన సీబీజీబీ క్లబ్బు కూడా సొంత పాటలే వాయించాలన్న షరతు పెట్టింది. రామోన్స్, టాకింగ్ హెడ్స్ బృందాలు ఎదిగింది అక్కడే. టోక్యోలో కచేరీ అయ్యాక లెక్క తేల్చుకునేటప్పుడు మేనేజరు మొహమాటం లేకుండా తప్పులు చెబుతాడు. పాటల మధ్య శ్రుతి చేసుకుంటూ జనాన్ని నిలబెట్టావని, మూడో పాట తీసెయ్యమని. 2020లో కరోనాతో ఈ గదులు మూతపడే స్థితి వచ్చినప్పుడు ప్రభుత్వ సాయం కోరుతూ సాగిన ‘సేవ్ అవర్ స్పేస్’ విన్నపానికి కొద్ది రోజుల్లోనే మూడు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయంటే, ఆ బడిలో చదివినవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు.

మన దగ్గర కుర్రాళ్లకు కొదవ లేదు. బెంగళూరులో 1998లో పుట్టిన క్రిప్టోస్ బృందం 2013లో జర్మనీ వాకెన్ మెటల్ ఉత్సవ వేదిక ఎక్కింది. హైదరాబాదు మూలాలున్న గాడ్‌లెస్ డెత్ మెటల్ ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. కొదవంతా గదులకే. మన పబ్బు వేదిక ఎక్కాలంటే జనానికి తెలిసిన పాటలే వాయించమంటారు. పైకప్పు మీదా, తోటలోనూ స్పీకర్లు పెట్టేసరికి పక్కింటివాళ్లకు నిద్ర ఉండదు. జూబ్లీహిల్స్ పబ్బుల మోత హైకోర్టు దాకా వెళ్లడంలో ఆశ్చర్యమేముంది? నివాసులదే న్యాయం. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు వద్దనే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు, మూసివున్న సభాశాలల్లో లోపలి శ్రోతల కోసం వాడకాన్ని మినహాయించాయి. అంటే సంగీతాన్ని నేల కిందికి, గదిలో గదిలోకి దించితే సగం తగువు తీరుతుంది. ఐటీ కంపెనీలు సెల్లార్లలో కార్లు పెట్టుకునే నగరంలో ఒక్క సెల్లారు, ఒక డ్రమ్ సెట్టు, రెండు ఆంప్లిఫయర్లు ఎవరైనా పెట్టి చూడవచ్చు. నోరుమా మాత్రం దిగుమతి చేసుకోవద్దు.

వినేవాళ్లకు చెప్పేది కొంచెమే. ఊళ్లో సొంత పాటలు వాయించే బృందం కచేరీ ఉందంటే పాసు అడక్కండి, టికెట్టు కొనండి. మొదటి బృందం వాయించే వేళకే వెళ్లండి. వేదికల్లో పావుగంట సగటు శబ్దం వంద డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, చిన్న గదుల్లో అది తేలిగ్గా దాటుతుంది. దూది పనికిరాదు. మందుల షాపులో ఇయర్‌ప్లగ్గులు దొరుకుతాయి, ఒక జత జేబులో వేసుకుని వెళ్లండి.