నెమ్మది బండికీ న్యాయం జరగాలి

కరెంటు బండి నిన్న మొన్నటిది కాదు. వెనక చక్రంలోనే మోటారు ఇమిడిన సైకిలుకు ఆగ్డెన్ బోల్టన్ 1895లో అమెరికాలో పేటెంటు పొందాడు. అయినా అది జనం బండి కావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. చైనా నగరాలు పెట్రోలు మోటార్‌సైకిళ్లను నిషేధించాక అక్కడ కోట్ల మంది ఎక్కినది నెమ్మదిగా పోయే, సీసం బ్యాటరీ బండినే. ధర అందుబాటులో ఉంది, బ్యాటరీ పాడైతే దగ్గరి దుకాణంలో మార్చుకునే వీలుంది. వాహనాన్ని జనానికి దగ్గర చేసేది వేగం కంటే ఈ వెసులుబాటేనని నా నమ్మకం.

మన దేశం మరో దారి పట్టింది. కరెంటు బండ్లకు కేంద్రం రాయితీ ఇచ్చిన ఫేమ్ పథకం రెండో దశ 2019 ఏప్రిల్‌లో మొదలైంది. అందులో రాయితీ కావాలంటే బండి కనీసం 40 కిలోమీటర్ల వేగం అందుకోవాల్సి ఉండేది, ఒక్క చార్జింగుతో 80 కిలోమీటర్లు నడవాల్సి ఉండేది. 250 వాట్లకు లోబడి, 25 కిలోమీటర్ల వేగం దాటని బండికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు గానీ, ఆ రాయితీ మాత్రం దక్కలేదు. కోనసీమ లాంటి చదునైన డెల్టాలో, కాలవగట్ల వెంట ఊరి నుంచి ఊరికి, అమలాపురం బజారుకు పోయివచ్చే మనిషికి నిజంగా సరిపడేది ఆ చిన్న బండే.

కోనసీమ గుండా పోయే 216 జాతీయ రహదారి మీద లారీల మధ్య నెమ్మది బండి ప్రమాదం కాదా అంటే, ప్రమాదమే. అందుకు మందు రోడ్డు పక్కన చిన్న బండ్లకు దారి వేయడం. అందరినీ వేగం బండి కొనుక్కోమనడం కాదు. సీసం విషం, బరువు, త్వరగా అరిగిపోతుంది అన్నదీ నిజమే; మళ్లీ సీసానికే వెనక్కి పొమ్మని నేనూ అనను. అయితే దాని బదులు వచ్చిన లిథియానికీ ముప్పు ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో లిథియం బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. బ్యాటరీ పేలుతుందన్న భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ పరీక్ష ఒక్కటే చాలదు: బ్యాటరీ ఊడదీయడానికి వీలుగా ఉండాలి, గోదావరి వరదొస్తే దాన్ని అటకెక్కించుకోగలగాలి, చెడితే విప్పి బాగుచేసే శిక్షణ ఉన్న మెకానిక్ అమలాపురంలోనే దొరకాలి. ఐటీఐల్లో ఆ పని నేర్పాలి. రాయితీ లెక్కల్లో వేగానికి ఇచ్చిన విలువ మరమ్మతుకూ ఇవ్వాలి. ప్రజల సొమ్ముతో ఇచ్చే రాయితీ, రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగే మనిషికి అందకపోతే ఆ విధానం ఎవరి కోసమో ప్రభుత్వమే చెప్పాలి.