బొమ్మల బడిలో అవధానము

సంఘ సంచికకు వ్యాసము పంపుమని పెద్దలు కోరినపుడు మార్కండేయ మహర్షి చరిత్రమునో, భావనా ఋషి మహిమనో వ్రాయుట మనలో ఆచారము. ఆ విషయములను మాకంటె బాగుగా వ్రాయగలవారు పద్మనగరమునందు పలువురు గలరు. మేము ఈ పర్యాయము పిల్లల బొమ్మల తరగతిని గురించి వ్రాయబూనితిమి. విషయము చిన్నదిగా తోచవచ్చును. ఇంట సాంచల చప్పుడు విని పెరిగినవారికి అది చిన్నది కాదని మా నమ్మకము.

మహారాష్ట్రమున పిల్లలను చదివించిన ప్రతి కుటుంబమునకును ఎలిమెంటరీ, ఇంటర్మీడియెట్ అను రెండు ప్రభుత్వ చిత్రలేఖన పరీక్షలు తెలిసినవే. అందు జ్ఞాపక చిత్రణమని ఒక పత్రము గలదు. దాని ఉద్దేశము ఉత్తమమైనది: కంట చూచినదానిని మనసున నిలుపుకొని కాగితముపై పెట్టుట. ఆచరణలో జరుగుచున్నది వేరు. సంత, తోట, బస్సు ఆగు చోటు, పండుగ ఊరేగింపు - ఇట్టి నాలుగైదు దృశ్యములను మాస్టరు బల్లమీద గీయును. పిల్లలు ఎక్కములు వల్లించినట్లు వానిని చేతికి వల్లింపజేసికొందురు. జ్ఞాపకమున్నది నిజమే. అది మాస్టరు బొమ్మయొక్క జ్ఞాపకము, సంతయొక్క జ్ఞాపకము కాదు.

భివండీలో ఒక తరగతిలో మేము కొంతసేపు కూర్చుంటిమి. పదేండ్ల పాప నొకతెను మీ ఇల్లు గీయుమంటిమి. ఆమె చకచక రెండు కొండలు గీసి, నడుమ సూర్యుని నిలిపి, క్రింద పెంకుటిల్లు, ప్రక్కన కొబ్బరిచెట్టు పెట్టినది. ఆమె ఉండునది మేడమీది ఒక గది. క్రింద షెడ్డులో సాంచలు ఆడుచుండగా ఆ గది నేల సన్నగా అదరుచుండును. కిటికీ ఊచలమీద దూది నుసి తెల్లగా పేరుకొనియుండును. కొబ్బరిచెట్టు మా కెక్కడను కానరాలేదు. ఆ పాపకు చేయి తిరుగలేదని ఎవరు అనగలరు? గీత చక్కగా వచ్చినది. తన ఇల్లు బొమ్మకు తగినదని ఆమెకు ఎవ్వరును చెప్పలేదు, అంతే.

ఈ రోగమునకు మందుగా ఇటీవల నగరములలో ఒక క్రొత్త పద్ధతి వచ్చినది. దానిని మైండ్‌ఫుల్‌నెస్ అందురు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున జాన్ కబాట్-జిన్ అను నాయన దీర్ఘవ్యాధులతో బాధపడువారికి ఊపిరిని, దేహమును గమనించు సాధన నేర్పుట ప్రారంభించినాడు. దాని మూలము బౌద్ధుల సతి. ఆస్పత్రిలో పుట్టిన ఆ పద్ధతి నేడు బడికి వచ్చినది. మంచిదే. కాని పిల్లలను కన్నులు మూసికొనుమని, పిదప అచ్చువేసిన చక్రాల కాగితములలో రంగులు నింపించి, ఇదియే ఎరుకతో కూడిన కళయని చెప్పుట మాకు రుచింపలేదు. కన్ను తెరువవలసిన తరగతిలో కన్ను మూయించుట ఒకటి. ఇతరుల గీతలో రంగు నింపుట రెండు. కొండలు, సూర్యుడు పోయి చక్రములు వచ్చినవి.

మన తెలుగువారికి ఈ విద్య పరాయిది కాదు. అవధానమను మాటకే ధ్యాస పెట్టుట యని యర్థము. అష్టావధానమున ఒకరు సమస్య నీయగా, ఒకరు నిషిద్ధాక్షరి నడుపుచుండగా, వేరొకరు వీపున పూలు విసరుచుందురు. ఇంకొకరు నడుమనడుమ గంట కొట్టుచుందురు. పూలెన్ని పడినవో వీపు లెక్కించవలెను, గంట లెన్ని మ్రోగినవో చెవి లెక్కించవలెను. తిరుపతి వేంకట కవుల కీర్తిని పద్యములకొరకే స్మరింతుము గాని, ఆ వీపునకును ఆ చెవికిని గల శిక్షణ మెట్టిదో తలంపము. అవధాని ఏకాంతమున కూర్చుండడు. సభ నడుమ, అల్లరి నడుమ కూర్చుండును. భివండీకి పనికివచ్చు ఎరుక ఇదియే యని మా అభిప్రాయము.

పాశ్చాత్యులలోను దీనిని చేతితో సాధించినవారు గలరు. జర్మనీలోని వైమార్ నగరమున 1919లో స్థాపింపబడిన బౌహౌస్ కళాశాలలో యోహన్నెస్ ఇట్టెన్ తన తరగతిని శ్వాస, అంగసాధనలతో ప్రారంభించెడివాడు. అంతటితో ఆగలేదు, కొయ్య, ఈక, గుడ్డ మొదలగువానిని వ్రేళ్ళతో తడిమించి, ఆ స్పర్శను బొమ్మలో తెమ్మనెడివాడు. ఆ కళాశాలలోనే ఆనీ ఆల్బర్స్ మగ్గమునకు చేరినది - మొదట అయిష్టముగానే. అక్కడను స్త్రీలను మగ్గము వైపే త్రోసినారు! ఆమె 1965లో వెలువరించిన నేత గ్రంథమున స్పర్శజ్ఞానమునకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము గలదు. నేత తెలిసినది కావుననే అది వ్రాయగలిగినదని మేమనుకొందుము. కిమోన్ నికొలైడీస్ గ్రంథము 1941లో వచ్చినది. కాగితము చూడక వస్తువునే చూచుచు, పెన్సిలు మొన ఆ వస్తువు అంచునే తాకుచున్నదని భావించి మెల్లగా గీయుమని ఆయన పాఠము. చూపును, స్పర్శను ముడివేయుట అందలి కీలకము.

మనవైపు చూచినచో, కె. జి. సుబ్రమణ్యన్ 1959 నుండి 1961 వరకు బొంబాయిలో అఖిల భారత చేనేత బోర్డునందు పని చేసి, బరోడాలో బోధించినాడు. మన లక్ష్మాగౌడు, వైకుంఠము ఆయన శిష్యులే. వారిరువురును తిరిగివచ్చి గీసినది తెలంగాణ పల్లె మనుష్యులను. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తియు, పేరు పెట్టకముందే చెట్టును చూడుమని పలుమార్లు బోధించినాడు; ఆయన ఋషి వ్యాలీ పాఠశాలలో పిల్లలు సాయంకాలము మౌనముగా కూర్చుండి సూర్యాస్తమయము చూచు ఆచారము కలదు. అది మిక్కిలి అందమైన ఆచారము. కాని అక్కడ కొండలున్నవి, నిశ్శబ్దమున్నది. ఇక్కడ ఏమున్నది?

ఇక్కడ చప్పుడున్నది. సాంచల షెడ్డులో ధ్వని 90 డెసిబెల్లు దాటుట సామాన్యము. ఏండ్ల తరబడి విన్న చెవి చెడును. ఒక పెద్దమ్మతో మేము ఎరుకను గురించి చెప్పబోగా ఆమె నవ్వినది: "బిడ్డా, గా సప్పుడు ఇనకుంట ఉండుడు నేర్సుకున్నంకనే మాకు నిద్ర పట్టింది." ఈ మాటకు మా వద్ద సమాధానము లేదు. బ్రతుకుటకు మొద్దుబారిన ఇంద్రియములను మేల్కొలుపుమనుట సులభము. మేల్కొన్నపిదప అవి భరింపవలసినదానిని ఉపాధ్యాయుడు భరింపడు.

అయినను ఆ అమ్మయే, మరునిమిషమున మాట ఆపి, "మూడో సాంచ దారం తెగింది" అన్నది. వందల దెబ్బల నడుమ ఒక్క తేడా ఆమె వినినది. చెవి మొద్దుబారలేదు, ఏరుకొనుచున్నది. ఆమె మనుమడు రెండు తునకలను కన్నులు మూసికొనియే తడిమి ఇది నూలు, ఇది పాలిస్టరు అని చెప్పినాడు. నమ్మకము కుదురుటకు వానిని కాల్చి చూపినాడు: నూలు కాగితము కాలిన వాసనతో మెత్తని బూడిద యైనది, పాలిస్టరు ముడుచుకొని గట్టి పూస కట్టినది. ఇట్టి చేతులు గల పిల్లలకు మనము బడిలో కొబ్బరిచెట్టు నేర్పుచున్నాము.

కాలము తక్కువగా నున్నది. భివండీ చుట్టును గోదాములు లేచుచున్నవి, సాంచలు పాత ఇనుముకు పోవుచున్నవి. పడుగు, పేక, కండె, నాడె అను మాటలు మన పిల్లల నోట మరాఠీలోను రావు, తెలుగులోను రావు. చూడని వస్తువునకు పేరు నిలువదు.

మేము మరల ఆ పాప ఇంటికి పోయితిమి. ఇల్లు వలదు, నాయనమ్మ చేయి గీయుము, కాగితము చూడకుము అంటిమి. గీత వంకర పోయినది. వ్రేళ్ళు లావైనవి, నడుమ దారపు ముడి యొకటి కాగితము సగమంత పెరిగినది. నాయనమ్మ అద్దాలు పెట్టుకొని చాలసేపు చూచి అన్నది: "ముడి గిట్ల కాదు, గట్ల తిరుగుతది." పాప పెన్సిలు క్రింద పెట్టి, దారము తెమ్మని అడిగినది.