వరంగల్ సభలో నలుపు రంగు

2024 మే 8న శామ్ పిట్రోడా మాటలు దేశమంతా గుప్పుమన్నాయి. తూర్పు వాళ్ళు చైనా వాళ్ళలాగా, దక్షిణాది వాళ్ళు ఆఫ్రికా వాళ్ళలాగా కనబడతారని ఆయన అన్నారు. ఆ రోజే వరంగల్ ఎన్నికల సభలో ప్రధాని మోడీ దాన్ని అందుకున్నారు. చర్మం రంగును బట్టి నా దేశ ప్రజలను అవమానిస్తే సహించనన్నారు. 2022లో ద్రౌపది ముర్మును కాంగ్రెస్ వ్యతిరేకించింది కూడా ఆమె నలుపు చూసేనన్నారు. పిట్రోడా అదే రోజు ఇండియన్ ఓవర్సీస్ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. జూన్ నెలాఖరుకు మళ్ళీ ఆ కుర్చీలోనే కూచున్నారు. మే 13న తెలంగాణలో పోలింగు అయిపోయింది కదా, అవమానం కూడా అయిపోయినట్టుంది!

ఇందులో మీరెటు అని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగిండ్రు. పిట్రోడా దేశంలోని వైవిధ్యాన్ని మెచ్చుకున్నారన్న సమర్థన మాకు నచ్చలేదు. ముఖాలు చూసి మనుషుల్ని జాతులుగా పంచే లెక్క తెల్లదొరలది. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ముక్కులు కొలిచి కులాలకు మెట్లు కట్టాడు. అంబేద్కర్ 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్'లో ఆ కొలతలనే తీసుకుని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరు జాతులు కారని తేల్చారు. చదువుకున్నవాళ్ళు ఇంకా రిస్లీ దగ్గరే ఆగిపోతే ఎట్లా?

అయితే మమ్మల్ని ఎక్కువ బాధించింది వరంగల్ కోపమే. ఆఫ్రికా వాళ్ళలా ఉన్నారంటే అది తిట్టని ఆ కోపం ముందే ఒప్పేసుకుంది. కాంగ్రెస్ కూడా అట్లాగే అనుకుని ఆ మాటను వదిలించుకుంది. ఆఫ్రికా వాళ్ళలా ఉంటే తప్పేంది అని రెండు పక్షాల్లో ఏ పెద్ద నాయకుడూ అడగలేదు. పైగా మోడీ కృష్ణుడి రంగూ మన రంగే అన్నారు. మన నలుపుకు దేవుడి సిఫారసు కావాలన్నమాట!

1972లో బొంబాయి దళిత యువకులు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు తెచ్చి తమకు పెట్టుకున్నారు. 1989లో హైదరాబాద్‌లో మొదలైన దళిత పత్రిక పేరే 'నలుపు'. మనం ఆ రంగును తిట్టుగా తీసుకోలేదు, చుట్టరికంగా తీసుకున్నాం. ఆ చుట్టరికంతోనే 2001లో దళిత సంఘాలు డర్బన్ జాతి వివక్ష సదస్సుకు కులాన్ని తీసుకుపోయినయి. కులం జాతి కాదు, ఇక్కడ చర్చించొద్దని అడ్డుపడింది అప్పటి భారత ప్రభుత్వం. జాతి కాదన్నమాట నిజమే, అంబేద్కరూ అదే చెప్పారు. కానీ ప్రభుత్వం ఆ నిజాన్ని వాడింది నోరు మూయించడానికి. అప్పుడు గద్దె మీదున్నది మోడీ పార్టీ నాయకత్వంలోని కూటమే.

ఇక మా ఇబ్రహీంపట్నం సంగతి. భువనగిరి లోక్‌సభ కింద మేమూ అదే మే 13న ఓటేసినం. రంగు గురించి అంత గొడవ జరిగింది గాని, ఇక్కడ ఎన్నికల భాషలో ఎవరికీ అభ్యంతరం లేని మాటలు చానా ఉన్నయి. వాడ ఓట్లు గంపగుత్తగా ఎవరికి? మాల ఓట్లెన్ని, మాదిగ ఓట్లెన్ని? ఏ కాలనీకి ఎన్ని సీసాలు? ఇవి తిట్లు కావు, అందుకే 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి అందవు. 'జనరల్' అనే మాట ఇంకా నున్నటిది. ఈ అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడుగా ఉన్నప్పుడు 1999లో కొండ్రు పుష్పలీల గెలిచి మంత్రి అయ్యారు, 2004లో సీపీఎం నుంచి మస్కు నర్సింహ గెలిచారు. 2009లో జనరల్ అయింది. అప్పటినుంచి మూడుసార్లు మంచిరెడ్డి కిషన్ రెడ్డి, 2023లో మల్‌రెడ్డి రంగారెడ్డి. జనరల్ సీట్లో దళితుడు నిలబడొద్దని ఏ చట్టంలోనూ లేదు. పెద్ద పార్టీల టికెట్ల దగ్గర మాత్రం ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు.

విద్యార్థులు, టీచర్లు తమ ఊళ్ళల్లో పంచిన ఎన్నికల కరపత్రాలు దాచి ఉంటే మాకు పంపాలి. వాడ గురించి ఏ పార్టీ ఏ మాట వాడిందో పక్కపక్కన పెట్టి చదవాలనుకుంటున్నాం. గెలిచిన పార్టీలవీ, ఓడిన పార్టీలవీ రెండూ కావాలి.