ప్రెస్ లేకపోయినా సైడర్

సెప్టెంబరు సగం దాటితే మిషిగన్‌లోని మన తెలుగువాళ్ళ వంటిళ్ళు యాపిల్స్‌తో నిండిపోతాయి. తోటలో పిల్లలు పోటీలుపడి కోసినవి తినగా తినగా ఇంకా మిగులుతాయి. వాటితో సైడర్ చేసుకోమంటాను. ఇక్కడ సైడర్ అంటే పులియబెట్టనిది, తేటపరచని తాజా రసం.

"మా ఇంట్లో ప్రెస్ లేదుగా" అంటారు. ఫ్రీజర్ ఉందిగా! గింజలు, తొడిమలు తీసిన ముక్కల్ని రాత్రంతా గడ్డకట్టనిచ్చి, మర్నాడు ఫ్రిజ్‌లోకి మార్చి మెత్తబడనివ్వండి. పండులోని నీరు మంచయ్యేటప్పుడు కణాల గోడల్ని చీల్చేస్తుంది. ఇనుప మర చేయాల్సిన పనిలో చాలా భాగం ఆ చలే చేసిపెడుతుంది. కరిగిన ముక్కని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి, నానిన చింతపండులా చేతికొచ్చేస్తుంది.

తర్వాత మిక్సీలో బరకగా ఒక్క తిప్పు, అంతే. మెత్తగా రుబ్బితే గుజ్జు బట్ట కన్నాలకి అడ్డంపడి రసం దిగదు. షాపుల్లో అమ్మే చీజ్‌క్లాత్ నేత మరీ వదులు. నేను మరిగే నీళ్ళలో ఉడికించిన పాత మల్లు పంచె ముక్క వాడతాను. మూటకట్టి, కాసేపు వేలాడదీసి, ఆపైన మెలిపెట్టి పిండాలి. తొందరపడి మొదటే పిండితే గుజ్జంతా రసంలోకి దిగుతుంది.

ప్రెస్‌లో వేస్తే 19 కిలోలకి సుమారు 11 లీటర్లు వస్తుంది. చేత్తో అంత రాదు, రాకపోయినా ఫర్వాలేదు. రుచంతా కలపడంలో ఉంది. ఒక్క గాలా, ఫ్యూజీలతో చేస్తే ఉత్త తీపే. 1811లో ఒంటారియోలో జాన్ మెకింటాష్ తన పొలంలో గుర్తించిన మెకింటాష్ రకం వాటికి కలిస్తే పులుపూ సువాసనా వస్తాయి. గాలి తగిలి రసం గోధుమరంగుకి తిరిగిందని పారబోయకండి, సైడర్ రంగు అదే.

ఒక్క విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. నేలరాలిన కాయ వాడొద్దు, పిల్లలకి పచ్చి రసం పోయొద్దు. 1991లో మసాచుసెట్స్‌లో పచ్చి సైడర్ వల్ల ఈ.కోలై సోకి కొందరికి మూత్రపిండాలదాకా వెళ్ళింది. రసాన్ని 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయండి. తాజా వాసన కొంచెం తగ్గుతుంది, నిజమే. ఆ వేడిలోనే చిన్న దాల్చినచెక్క, రెండు లవంగాలు వేయండి.